వంతెన కింద వదిలిన పీతలు

పేరు: రంగులవ్వ. అందరూ పిలిచేది అదే, అదే రాసుకోండి. వయసు: డెబ్బై దాటింది. ఎంత దాటిందో లెక్క పెట్టినవాళ్ళు లేరు. వృత్తి: దారానికి రంగు వేయడం. చదువు: లేదు.

నిన్న ఈ స్టేషన్లో ఇదే బల్ల ముందు నిలబడి, బడిపిల్లలను ఏటికి తీసుకొచ్చిన టీచరమ్మ నీళ్ళలో విషమందు కలిపిందని నేను ఫిర్యాదు ఇచ్చాను. అది అబద్ధం. ఈ మాట మొదటే రాయండి. చివర రాస్తే చదివేవాళ్ళు అక్కడిదాకా రారు.

మా షెడ్డు ఏటి ఒడ్డున, పాత వంతెనకు కాస్త ఎగువన ఉంది. దారం ఉడికించిన రంగునీళ్ళు వెనక గొట్టంలోంచి ఏట్లోకి పోతాయి. షెడ్డు నా మొగుడు పెట్టింది. ఇప్పుడు నా కొడుకు నడుపుతున్నాడు. కాదు, నడిపేది నువ్వేనని వాడంటాడు.

సోమవారం సాయంత్రం నా మనవరాలు గువ్వ అన్నం తింటూ చెప్పింది. అది ఆరో తరగతి.

"నానమ్మా, రేపు మా క్లాసంతా ఏటికి వస్తున్నాం. మన షెడ్డుకి పైన ఒకచోట, వంతెన కింద ఒకచోట వల వేసి ఏమేం బతుకుతున్నాయో చూస్తాం."

"చూడ్డానికేముంది, అన్నీ బతుకుతున్నాయి."

"వంతెన కింద ఏమీ లేవట. టీచర్ చూసిందట."

"మీ టీచర్ని కళ్ళజోడు మార్పించుకోమను" అన్నాను. పిల్ల నవ్వింది. వంతెన కింద ఏమీ దొరక్కపోతే అందరూ మా గొట్టం వైపే వేలు చూపిస్తారని నాకు తెలుసు.

మంగళవారం తెల్లవారగానే దారం జాడించే బకెట్ తీసుకుని ఎగువకు వెళ్ళాను. రాళ్ళ కింద చేతులు పెట్టి పీతలు, నత్తలు, గుప్పెడు చేపపిల్లలు పట్టాను. ఒక పీత బొటనవేలు కొరికింది. తెచ్చి అన్నిటినీ వంతెన కింద వదిలాను. పోండి, ఆడుకోండి అని కూడా అన్నాను.

పదింటికి పిల్లలొచ్చారు. ఎగువన వల వేసినప్పుడు ఒకటే కేరింతలు. తర్వాత వంతెన కిందికి దిగారు. కేరింతలు ఆగిపోయాయి. పీతలు వెల్లకిలా పడి ఉన్నాయి. చేపపిల్లలు తెల్లగా తేలాయి. "టీచర్, ఇవి ఇప్పుడే చచ్చిపోయాయి, ఇంకా మెత్తగా ఉన్నాయి" అని ఎవరో అరిచారు. మా గువ్వ ఒక పీతను అరచేతిలో పెట్టుకుని ఏడ్చింది.

టీచరమ్మ నా దగ్గరికి వచ్చి మర్యాదగానే అడిగింది. "అవ్వా, పొద్దున గొట్టంలోంచి ఏమైనా ఎక్కువ వదిలారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అలా అయినప్పుడే నాకు నోరు లేస్తుంది. "మందు పోసింది నువ్వే! పిల్లలకి తమాషా చూపించడానికి చంపావు! ఆ సీసా ఏంటి?" అని అరిచాను. ఆమె చేతిలో సీసా ఉన్నమాట నిజమే. అది నీళ్ళు పరీక్ష చేసే సీసా. జనం పోగయ్యారు. నేను సరాసరి ఇక్కడికి వచ్చాను. మీరు నమ్మారు. ఇంత ముసలిది అబద్ధమాడుతుందా అనుకున్నారు.

బడివాళ్ళు టీచరమ్మను పనిలోకి రావద్దన్నారట. ఇక ఏ క్లాసునూ ఏటికి పంపరట.

నిన్న ఇంటికి వెళ్ళేసరికి గువ్వ బకెట్ ముందు కూర్చుని ఉంది. అడుగున మిగిలిన నీళ్ళలో ఒక నత్త. బతికే ఉంది, అంచు పట్టుకుని పైకి పాకుతోంది.

"ఇలాంటివి మాకు పైనే దొరికాయి నానమ్మా" అంది. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి. బకెట్ ఎత్తుకుని ఎగువకు పోయి నత్తను వదిలి వచ్చింది. నన్ను రమ్మనలేదు.

టీచరమ్మ ఏ మందూ కలపలేదు. చంపింది మా గొట్టం నీళ్ళు. అక్కడికి మోసుకెళ్ళింది నేను. ఈ పొద్దున గొట్టంలో గుడ్డలు కుక్కి వచ్చాను. కొడుకు కేకలేశాడు. అది మా ఇంటి గొడవ, రాయొద్దు. సరే, రాయండి. ఇందాక లోపలికి వస్తుంటే, మీరు పిలిపిస్తే వచ్చి బయట బల్ల మీద కూర్చున్న టీచరమ్మ లేచి నాకు చోటిచ్చింది. నేను కూర్చోలేకపోయాను.

రాసింది చదివి వినిపిస్తానని కానిస్టేబుల్ అన్నాడు. వద్దన్నాను. నాతో వచ్చిన గువ్వనే చదవమన్నాను. బకెట్ మాట దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఆగిపోయింది. "చదువు" అన్నాను. చదివింది. టీచరమ్మ గుమ్మంలో నిలబడి వింది. ఇందులో నేను చెప్పనిది లేదు, నేను చెప్పి మీరు వదిలేసిందీ లేదు. ఇదే నిజం.

రంగులవ్వ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర. మధ్యలో తెగినట్టున్నది పీత కొరికిన చోటు.