వెదర్లీ హాలు పడమటి గోడలో పదకొండు కిటికీలు

వెదర్లీ హాలు అనే దొరల బంగళా పడమటి గోడలో పదకొండు కిటికీలు ఇటుకలతో పూడ్చి ఉన్నాయి. ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత కట్టాల్సిన కిటికీ పన్ను తప్పించుకోవడానికే వెనకటి దొరలు పూడ్పించారని ఊరంతా అంటుంది. ఊరంతా అన్నంత మాత్రాన అది సాక్ష్యం కాదు. అయినా ఆ గోడకు బిగించే ఇత్తడి పలకపై, వాటిని పూడ్చినవాడిగా ఎవరి పేరు చెక్కాలో తేల్చడానికి ఊరి పబ్బులో అందరూ చేరిన సాయంత్రం, విల్ఫ్ ట్రాంటర్ చెప్పిందే వినవలసి వచ్చింది. పేరు చెక్కాల్సిన హంఫ్రీ సుద్దముక్కతో పలకపై అప్పుడే 'ట్రాంటర్' అని రాసుకున్నాడు.

"పూడ్చింది మా ముత్తాత తాత ఎబెనెజర్, తాపీమేస్త్రి," అన్నాడు విల్ఫ్. " పన్నుల అధికారి గుర్రం గేటు దాటింది. ఆయన ఒక చేత్తో తాపీ, ఇంకో చేత్తో మాంసం కజ్జికాయ పట్టుకుని, గుర్రం మెట్ల దగ్గరికొచ్చేలోపు పదకొండూ కట్టేశాడు!"

"కజ్జికాయ తినడం అయిందా, బాబాయ్?" అంది పబ్బు నడిపే మాబెల్.

"సగమే అయింది. గార ఇంకా తడిగా ఉంది మరి! ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? గుండెలనిండా గాలి పీల్చి ఒక్క ఊదు ఊదాడు. గోడ ఎండిపోయింది. ఆ గాలికి పక్క మూడూళ్ల గాలిమరలు తిరిగి, వారానికి సరిపడా పిండి విసిరిపెట్టాయి."

"అధికారి ఎగిరిపోలేదా?"

"టోపీ ఒక్కటే పోయింది. వాడు మొండిఘటం, తూర్పు కిటికీలు లెక్కపెడతానని అటు నడిచాడు. ఎబెనెజర్ తాత ఊరుకుంటాడా? ఇంటి మూల భుజానికెత్తుకుని, వాడు నడిచినంతసేపూ ఇంటిని వాడితోపాటే తిప్పాడు! పాపం, ఎటు వెళ్లినా పూడ్చిన గోడే! మేడమీద దొరసాని టీ తాగుతోంది, చుక్క ఒలకలేదు. ఆ ఇంటి మెట్లు, పొగగొట్టాలు అంతకుముందు నిట్టనిలువుగా ఉండేవి. అప్పుడే మెలితిరిగాయి!"

పబ్బంతా బల్లలు చరిచింది. హంఫ్రీ ఉలి తీశాడు.

"కాస్త ఆగు, హంఫ్రీ," అంది డోర్కస్ యెలండ్. ఆ గోడకు మరమ్మతులు చేస్తున్న మేస్త్రి ఆమే. "పొద్దున నేను రెండు ఇటుకలు ఊడదీశాను. వెనక గది లేదు, పొగగొట్టం ఉంది. అవి పూడ్చిన కిటికీలు కావు, బాబాయ్. తూర్పు గోడకు జోడీగా కనిపించాలని, గోడతోపాటే అలా ఉత్తుత్తి కిటికీలు కట్టారు."

హంఫ్రీ పలక మీది సుద్ద తుడవబోయాడు. విల్ఫ్ పలకపై చెయ్యి అడ్డుపెట్టాడు.

"తుడవకురా! జోడీ కోసమే అనుకో. పన్ను లేకుండా పోతుందా? ఆ అధికారి రాకుండా పోయాడా?"

మాబెల్ నవ్వాపుకోలేక కౌంటరు మీద వాలిపోయింది. డోర్కస్ తన ఆపిల్ సైడర్ గ్లాసు విల్ఫ్ ముందుకు జరిపింది.

"తాగు, బాబాయ్. ఆ గోడ పునాదిరాయి మీద 1868 అని ఉంది. కిటికీ పన్ను 1851లోనే ఎత్తేశారు."