జగ్గమ్మక్క పుదీనా

ఏదీ, ఈ ఆకు నలిపి వాసన చూసి చెప్పండి, ఏటిది? పుదీనా అని కంటితో చూసి చెప్పావు హేమా, ముక్కుతో చెప్పలేదు. నీ తప్పు కాదులే, నర్సరీ మొక్కకి వాసన తక్కువ. మన పెరట్లో ఒకప్పుడుండేది చిన్నాకు, ఎర్రకాడ. జగ్గమ్మక్క తెచ్చింది. ఎవరంటే, నా తోటికోడలు, మీ తాతకి వదిన. పాతపట్నం నుంచి కాపురానికొస్తూ తడిగుడ్డలో వేరు చుట్టి తెచ్చింది. ఏటా తొలకరికి మడంతా తవ్వి, వేళ్ళు విడదీసి, సగం వీధిలో పంచేసేది. ఎందుకక్కా అంటే, "ఒసే పంతులమ్మా, కదపకుండా ఒగ్గేస్తే నడిమికి సచ్చిపోతాదే" అనేది. చోడంబలిలోకి, అదే రాగి అంబలిలోకి, ఆవిడ నూరిన పుదీనా పచ్చడి ఉంటే చాలు, బడి నుంచొచ్చి నేను కాచిన పులుసు గిన్నెలో అలాగే ఉండిపోయేది. యుగంధర్, కాళ్ళు ఊపకు.

సరే, అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారు, పెరటికి అడ్డంగా గోడ లేచింది. మడి మా వైపు పడింది. ఓ మధ్యాహ్నం అక్క గోడ దగ్గరకొచ్చింది. పక్కన కూతురు అనూరాధ, ఎనిమిదేళ్ళది, తడి గోనెముక్క పట్టుకుని. "ఒసే సెల్లీ, ఒక్క ఏరు ముక్కియ్యవే. పచ్చడి నేకపోతే మీ బావకి అంబలి దిగట్లేదు." నేను పాఠం చెప్పినట్టు చెప్పాను: "ఎండలక్కా, ఇప్పుడు తవ్వితే చచ్చిపోతుంది. వానలు పడనీ."

వానలు పడ్డాయి. నేనివ్వలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. పచ్చడికొచ్చే మంచి పేరు ఇక నాకొస్తుందనుకున్నాను, రాలేదు. పాత వేరు ముదిరి చస్తుంది, విడదీసి నాటాలి అని ఆరో తరగతికి బోర్డు మీద బొమ్మేసి చెప్పిన నేను, మడి మీద చెయ్యి వెయ్యలేదు. తవ్వితే ఓ ముక్క గోడ దాటించాలి కదా. మూడో ఏటికి నడిమధ్య బట్టతల పడింది. నాలుగో ఏటికి ఒక్క చిగురూ లేదు. ఆ ఏడే అక్కా పోయింది.

మొన్న చీపురుపల్లిలో అనూరాధ ఇంటికెళ్ళాను కదా, పెరట్లో అదే చిన్నాకు, ఎర్రకాడ. వాళ్ళమ్మ ఎప్పుడో వీధిలో లక్ష్మణమ్మకి ఇచ్చిందట, అక్కడి నుంచి తెచ్చుకుంది. నలిపి వాసన చూశాను. ఒక్క వేరు ముక్క ఇవ్వవే అని అడిగాను. నవ్వుతూనే అంది: "ఇప్పుడు తవ్వితే సచ్చిపోతాది పిన్నీ. వానలు పడనీ."

అప్పుడు నా చేతిలో గొడుగు ఇంకా వాననీళ్ళు కారుస్తోంది.

ఊఁ... తప్పుకోండి, రోట్లో పచ్చడి సగమే నలిగింది. ఇంకో రెండు మిరపకాయలు పడేస్తే కారమైనా తెలుస్తుంది.