రేణుక తలకు కాపీరంగు

"అవ్వా, రేణుకక్క జుట్టుకు రంగేసింది నువ్వేనట గదా?"

ఎవరు చెప్పిండ్రే నీకు? నేనే చెప్పి ఉంటా. సరే, కూసో. గా చాప జర ఇటు గుంజుకో.

రేణుక మా తమ్ముడు నర్సింహ బిడ్డ, ఎరికే గదా. పట్నంల హాస్టల్ల ఉండి టీచరు చదువు చదివింది. పరీక్షలైనంక దోస్తులంత కల్సి ఒకరి తల ఒకరు బంగారు రంగు చేసుకున్నరట. ఇంటికొచ్చిన నాడు మా మరదలు తలుపు తీసి, ఎవరో దొరసాని తొవ్వ తప్పి వచ్చిందనుకొని కుర్చీ ఏసి మంచినీళ్లిచ్చింది. నర్సింహ ఏమన్న అనాలంటే ముందుగాల పెండ్లాం మొకం చూడాలె, ఆమె నీళ్లు తేవోయింది.

గట్లుండంగ ఆలేర్ల ఒక ప్రైవేటు బడిల కొలువొచ్చింది. మాట్లాడనీకి పోయిన నాడు దుమ్మని చెప్పి స్కార్ఫు ఇప్పలే. మరి సోమవారం నుంచి దినాం బోర్డు కాడ నిలబడాలె గదా. గా బడి పెద్దమేడం జడకు రిబ్బను వంకర ఉంటేనే పిల్లలను వాపసు పంపేటిది. గీ తల చూస్తే కొలువు పోయినట్టే.

శుక్రవారం పొద్దుగాల మా తమ్ముడు నల్లరంగు పాకిట్లు నాలుగు పట్కొచ్చిండు, వాని మీసాలకు పెట్టుకునేటియే. "అక్కా, గిది పూస్తే అయిపాయె" అన్నడు. వాని మీసాలు చూసినవా నువ్వు? రంగు మీసాలకంటే పెదిమెకే ఎక్కువ పడతది.

"నలుపు వద్దత్తా, కాపీరంగు కావాలె. నల్లగైనంక నచ్చకుంటే కత్తిరిచ్చుకునుడే" అన్నది పిల్ల. మాట నిజమే. లేత నుంచి ముదురుకు పోతం గని ముదురు నుంచి లేతకు రాలేం. నలభై ఏండ్లు నూలుకు, పట్టుకు రంగులద్దిన, నాకు తెల్వదా. మీ తాత రంగు అంటొద్దనుకున్నకాడ నూలుకు చిటికి ముడులు కట్టేటోడు, అద్దుడు నాది. అప్పట్ల రంగుపొడి తులం రూపాయి పావలా… కాదు, గది పట్టుకు. నూలుకు ఇంక తక్కువుండె. మీ తాత గిన తప్పు చెప్పినవని తగువుపడేటోడు, ఉంటే. సరే, ఏడున్నం?

ఆఁ, దుకాణం. ఇద్దరం ఆటోల పోయినం. రేణుక డబ్బల మీది బొమ్మలు చూసి, అన్నిట్లకెల్ల ముదురు కాపీరంగు తీసింది. ఆ బొమ్మల పిల్ల నవ్వుతాంది మరి. "గామె తల ముందే నల్లగుండె బిడ్డా, నీది ఎండుగడ్డి. ఉడకబెట్టిన పట్టు ఎట్ల తాగుతదో నీ జుట్టు రంగు గట్ల తాగుతది" అని నేను లేతది గూడ ఒకటి తీసిన. దుకాణపాయన "రెండెందుకమ్మా" అన్నడు. ఆయన తల మీద నాలుగు వెంట్రుకలు, ఆయనకెందుకు మన ఫికర్.

మేము నమూనా చూడకుంట నూలు లడి రంగుల ముంచం. మెడకాడ లోపలికెల్లి మూడు పాయలు కత్తిరిచ్చి, దారంతోటి కట్టి, చెవెనుక గూడ ఒక చుక్క పెట్టి, దురద పుడతదా అని తెల్లారేదాక ఆగినం. దురద లేదు. ముదురు రంగు పాయ ఎండల పెడితే నల్లగ, అంచులకు చెర్వుల పాచి లెక్క పచ్చగ కొట్టింది. లేతది బురద లెక్క వచ్చింది. పిల్ల ఏడుపందుకున్నది. నర్సింహ పాకిట్లు పట్కొని గడపల నిలబడ్డడు.

అప్పుడు యాదికొచ్చింది. తెల్లనూలుకు కాపీరంగు తిన్నగ ఎక్కదు, కింద ఎరుపు వడాలె. చేతులకు పెట్టుకునే మైదాకు పెరట్లకెల్లి తెచ్చి రుబ్బి మూడో పాయకు పెట్టిన. పండుమిరపకాయ లెక్క అయ్యింది. దాని మీద లేత కాపీరంగు ఏస్తే, ఇగ చూడు, చింతగింజ తీరు నిగనిగలాడింది. శనివారం మైదాకు, ఆదివారం రంగు. మధ్యలున్న గా ఒక్క రాత్రి ఎర్రతలతోటి కూసున్న పిల్లను చూసి మా మరదలు రెండోసారి మంచినీళ్లియ్యలే, నయం.

సోమవారం బడికి పోయింది. పెద్దమేడం గాదు, పిల్లలు గాదు, ఎవ్వరికి ఎరుక కాలే. పుట్టుకతోటి వచ్చిన రంగే అనుకున్నరు. గంత మంచిగ కుదిరిందాన్ని ఎవ్వరు చూడకపోతే నాకు అన్నం సయించునా? పిండి గిర్నికాడ చెప్పిన, పాలకేంద్రంకాడ చెప్పిన. మా గల్లీ మల్లమ్మ అదే బడిల ఆయా, నేనేం చేస్తా.

గురువారం మేడం పిల్చి "నిజమేనా" అన్నదట. "నిజమే మేడం" అన్నది రేణుక. మేడం ఆమెను కిటికికాడికి తీస్కపోయి, ఇటు తిరుగు అటు తిరుగు అని చూసి, "ఇప్పుడు పద్ధతిగనే ఉన్నది, క్లాసుకు పో" అన్నదట. కొలువు నిలబడ్డది. పిల్ల నాతోటి మాత్రం ఇరవై రోజులు మాట్లాడలే.

ఆ తీరు జుట్టు రంగును ఎక్కువ దినాలు పట్టుకోదు బిడ్డా, తలంటినప్పుడల్ల వెలుస్తది. మొన్న మల్ల వచ్చి పీట మీద కూసున్నది. "అత్తా, ఈసారి ఎవ్వరికి చెప్పనని నా తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టు" అన్నది. మైదాకు పెడుతున్న గదా, చెయ్యి తల మీదనే ఉండె. ఒట్టు పెట్టిన.

అందుకే రెండోసారి ఏసిన ముచ్చట నీకు చెప్తలేను. సల్లగుండు బిడ్డా, రేపు నీకొచ్చే కొలువు గూడ గట్లనే నిలబడాలె. పోయేటప్పుడు గా గేటు దగ్గరికెయ్యి, మల్లమ్మ వస్తాందేమో చూడు, ఆమెకు గూడ గీ ముచ్చట చెప్పకుండ ఉండాలె గదా…