బెల్లం మానేసిన ఇల్లు

(అనకాపల్లి, 2007. శనివారం మధ్యాహ్నం. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే బెన్‌హర్ ఇల్లు. అతని భార్య రోజలిన్, చర్చి స్త్రీల సమాజం పెద్ద ఆరోగ్యమేరి మాట్లాడుకుంటున్నారు.)

"ఇంకా పడుకునే ఉందేటి? లేపవే రోజలిన్. కొత్త గౌను కొలిచి చూడాలి."

"పడుకుందక్కా. ఆయన ఆటోకి ఎల్లేడు. ఆస్పత్రికి తీసుకెల్దామని."

"ఆస్పత్రికా? రేపు ఆరాధన అయ్యేక స్టేజీ మీదకి మొదట మీ సుజినే పిలుత్తాం. బడోళ్ళు, బెల్లం వర్తకులు, మన చర్చి కలిసి పెట్టిన పోటీ. లావు తగ్గిన పిల్లల్లో ఫస్టు నీ కూతురే. సైకిలిత్తారే!"

"నిన్నట్నుంచీ వాంతులక్కా."

"ఏదో పడలేదు కాబోలు. పొద్దున్నే గ్రౌండు చుట్టూ పరిగెడుతోంది కదా."

"పరిగెట్టట్లేదు. రెండడుగులేసి కూకుండిపోతంది."

"అయినా తగ్గిందా లేదా? కాటా మీద నిలబెడితే చర్చంతా చప్పట్లు కొట్టేరు."

"నేనూ కొట్టేనక్కా."

"మరి?"

"అన్నం బాగానే తింటంది. మీరు సెప్పినట్టే అంబలి, ఆకుకూర, అన్నీ. తిన్నది ఏటైపోతందో. రెక్కలు పుల్లల్లాగున్నాయి."

"దిష్టి పెట్టకే. ఏడాదంతా పిల్లలు ఏనుగూ ఏనుగూ అని ఏడిపించేరు దాన్ని. ఇప్పుడు నీకు సన్నంగా ఉందని బాధా?"

"నీళ్ళు తెగ తాగుతంది. సెంబుకి సెంబు. ఊరికే బాత్రూముకి పరిగెడతాది."

"నీళ్ళు తాగమని నేనే చెప్పేను కదా. మాట వినే పిల్ల. అబ్బ! ఏటే ఈ చీమలు? చీరంతా ఎక్కేత్తన్నాయి."

"బాత్రూం తూము కాడ్నుంచి వత్తన్నాయి."

"బెల్లం మోసేవాడి కొంపకి చీమలు రాక ఏటొత్తాయి! సర్లే, ఆటో వత్తే తిరిగి పంపించెయ్. రేపు ఫొటో అయ్యేక నేనే దగ్గరుండి తీసుకెళ్తాను."

"అక్కా, ఒక మాట."

"చెప్పు."

"పాస్టరుగారి ముందు మా సేత ఒట్టేయించేరు కదా, ఇంట్లోకి బెల్లం రానివ్వబోమని."

"అవును. మంచికే కదా."

"ఆ రోజు కాడ్నుంచి ఆయన మార్కెట్లోనే తానం సేసి, బట్టలు మార్సుకొని వత్తన్నాడు. ఇంట్లో బెల్లం ముక్క లేదు. పంచదార కూడా లేదు."

"అయితే?"

"మరి ఈ సీమలు దేనికొత్తన్నాయక్కా?"

"ఉండు, ఆ తూము కాడికెళ్ళి చూడనీ."

"సెప్పండక్కా."

"మా అత్తకి సుగరొచ్చినప్పుడు... ఇలాగే, ఒంటేలు పోసే తూము కాడ చీమలు... చిన్నపిల్లకి ఎందుకొత్తాదే? రాదు. సుజీ! ఏ సుజీ! లేపు, రోజలిన్. లేపవే దాన్ని!"

"పడుకుందని మీకు సెప్పేనే గానీ, పొద్దుట్నుంచీ లేపుతూనే ఉన్నానక్కా."