సంచుల కాపలా

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ప్రధానోపాధ్యాయులుగారికి, వచ్చిన దగ్గర్నుంచి గడియారం చూసుకుంటున్న ముఖ్య అతిథిగారికి, తోటి ఉపాధ్యాయులకు, పెద్దలకు, కూర్చోమన్నా వినకుండా కిటికీలెక్కిన నా పిల్లలకు నమస్కారం.

ముందుగా ఒక సవరణ. ప్రధానోపాధ్యాయులుగారు ఇందాక నన్ను పొగుడుతూ, "పదో తరగతి భవిష్యత్తు కోసం టీచరుగారు వారానికి మూడు ఆటల పీరియడ్లలో రెండు పెద్ద మనసుతో లెక్కలకు ఇచ్చేశారు" అన్నారు. నేను ఇవ్వలేదండీ. మీరు తీసుకున్నారు. (నవ్వులు) నవ్వకండి, నాకు ఒళ్లు మండుతోంది.

అదుగో, ముందు వరుసలో మా మనవరాలు అప్పుడే సైగలు మొదలెట్టింది. "అమ్మమ్మా, ఇవాళ ఒక్కరోజు ఎవర్నీ ఏమీ అనకు, ఇది చూసి చదివెయ్" అని పొద్దున్నే కాగితం రాసిచ్చింది. కాగితం చాలా బాగుంది తల్లీ, ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకుందాం.

"ఆమె లేని లోటు తీరనిది" అని కూడా ప్రధానోపాధ్యాయులుగారు సెలవిచ్చారు. తీర్చే ఉద్దేశం లేనప్పుడు ఏ లోటైనా ఎలా తీరుతుంది? నా తర్వాత ఆటల టీచరు రారని, మిగిలిన ఆ ఒక్క గురువారం పీరియడూ సోమవారం నుంచి రద్దవుతుందని, అదీ లెక్కలకే పోతుందని నాకెవరూ చెప్పలేదు. నోటీసు బోర్డు మీద నా వీడ్కోలు సభ కాగితం పక్కనే అంటించి ఉంటే చదువుకుని తెలుసుకున్నాను. ముఖ్య అతిథిగారూ, పొద్దున ఆరింటికి నేను సున్నంతో గీసిన నూరు మీటర్ల గీత మీద మీ కారు ఆగి ఉంది. మీ తప్పేం లేదు. అక్కడ ఆపమన్నవాళ్ల కంటికి అది ఖాళీ స్థలం. ముప్ఫై రెండేళ్లుగా ఇదే వరస: పిల్లలు ఆడుకుంటుంటే ఖాళీగా ఉన్నారంటారు, నేల మీద గోడ లేవకపోతే అదీ ఖాళీగా ఉందంటారు.

అలాగని నేనేమీ సుద్దపూసను కాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు కప్పుల పిచ్చి. గెలిచేవాళ్లే నా పిల్లలు, మిగతావాళ్లు గుంపు. అందులో ఒక బొద్దు పిల్ల ఉండేది, నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసం. ఆటల టీచర్లు చాలామంది చేసే పనే నేనూ చేశాను. అందరి సంచులూ ఆ పిల్ల చుట్టూ పడేయించి, కాపలా కూర్చోబెట్టాను. ఒక రోజు కాదు, ఏడాది. పైగా మేలు చేస్తున్నాననుకున్నాను. ఏడాది చివర వచ్చి ఎంతో మర్యాదగా అడిగింది: "టీచర్, నేనూ ఒకసారి పరుగెత్తుతాను. నా సంచి ఎవరికి అప్పజెప్పను?"

ఆ సంచి నేను పట్టుకున్నాను. ఆ పిల్ల అందరికన్నా ఆఖరున ఇంకా వస్తోంది. అప్పటికి గెలిచినవాళ్లు కుళాయి దగ్గర మొహాలు కడుక్కుంటున్నారు. అందర్నీ వెనక్కి పిలిచి గీత దగ్గర నిలబెట్టాను. అప్పట్నుంచి నా మైదానంలో సంచులు కంచెకు వేలాడతాయి, కాపలా ఎవరూ ఉండరు. ఆఖరి మనిషి గీత దాటేదాకా మొదటి మనిషి కదలడానికి వీల్లేదు. నా వేదాంతమంతా ఇంతే. దీనివల్ల కప్పులు తగ్గిన మాట నిజం. అల్మారా బోసిపోయిందని మీరు బాధపడ్డారు, నేను పడలేదు.

ఆ బొద్దు పిల్లే మన లెక్కల టీచరు. (హాలులో కలకలం) తల దించుకోకమ్మా, ఆ పీరియడ్లు నువ్వు అడిగి తీసుకోలేదని నాకు తెలుసు. కానీ నిన్న మీ తరగతి పక్కనుంచి వెళ్తూ కిటికీలోంచి చూశాను. మార్కులు రాని ఆరుగురిని వెనక బెంచీలో కూర్చోబెట్టి, మిగతావాళ్ల పరీక్ష కాగితాలు కట్టలు కట్టిస్తున్నావు. మేలు చేస్తున్నాననే అనుకుని ఉంటావు. నేనూ అలాగే అనుకున్నాను.

ఏమిటి? లేచావు కదా, గట్టిగా చెప్పు, వెనకవాళ్లకీ వినపడాలి.

("గురువారం నాకొద్దు టీచర్. ఆ పీరియడ్‌లో పిల్లల్ని నేనే బయటికి తీసుకెళ్తాను. అందర్నీ.")

విన్నారా ప్రధానోపాధ్యాయులుగారూ? ఇవ్వడమంటే ఇదండీ. ఇక ఆ నోటీసు చింపుతారో ఉంచుతారో మీ ఇష్టం. నన్ను భరించినవారికి, భరించలేనివారికి, ఈ గోడ గడియారం ఇచ్చినవారికి కృతజ్ఞతలు. నాకిక సెలవు.

ఆగమ్మా, కూర్చోకు, నీకో పని ఉంది. రేపు గురువారమే. బంతుల గది తాళంచెవి గుమాస్తాగారి బల్ల వెనక మేకుకు ఉంది. రెండు బంతుల్లో గాలి లేదు, పంపు సూది సుద్దముక్కల డబ్బాలో పెట్టాను. గుచ్చేముందు దాన్ని తడుపు, పొడిగా గుచ్చితే బంతి పాడవుతుంది. కారు పోయాక గీత చెరిగి ఉంటే సున్నం మూట కూడా ఆ గదిలోనే ఉంది. ఆ ఆరుగురినీ ముందు వదులు. నీ సంచి కంచెకు తగిలించు.