ఉబల్దీనమ్మ వేసిన దావా

కొలంబియా కాఫీ కొండల్లో ఆదివారం సంత. గింజలు కొనే కొట్టు మీది గదిలో, వకీలు నొరాల్బా ఎదుట ఎలిసేయో కూర్చోలేక కూర్చున్నాడు. జ్ఞానస్నానం నాడు తనను చేతుల్లోకి తీసుకుని జ్ఞానతల్లి అయిన ఉబల్దీనమ్మే, తోట ఖాళీ చెయ్యమని అతని మీద కోర్టుకెక్కింది.

"రాయండి లాయరమ్మా. దొంగముసలిది అని రాయండి."

"కోర్టు కాగితంలో అలా రాయరు ఎలిసేయో గారూ."

"మరెలా రాస్తారు? గౌరవనీయురాలైన దొంగ అనా?"

"కూర్చోండి. తిట్లు రాస్తే జడ్జి నవ్వుకుంటాడు, తోట పోతుంది. జవాబు వెయ్యడానికి గడువు రేపటితో సరి. మనకేం అభ్యంతరాలున్నాయో ముందు చూడాలి."

"నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఆ తోట నాది."

"అది అసలు జవాబు. దానికి ముందు వేసేవి వేరే ఉంటాయి. దావా సరైన కోర్టులో వేశారా, వెయ్యదగ్గ వాళ్ళే వేశారా, నోటీసు అందాల్సినట్టు అందిందా. వీటిలో ఒక్కటి తగిలినా దావా గుమ్మంలోనే ఆగిపోతుంది. తోట ఎవరిదన్న మాట దాకా రానే రాదు."

"గుమ్మంలోనే దాని నడుం విరగాలి. నాక్కావాల్సింది అదే."

"సరే. నోటీసు ఎవరు తీసుకున్నారు?"

"నేనే."

"చేతికా?"

"కోర్టు మనిషి కొండెక్కి వచ్చాడు, ఎండన పడి. బెల్లం నీళ్ళిచ్చా. మొక్కజొన్న రొట్టె పెట్టా. తిన్నాక చెయ్యి తుడుచుకుని ఇక్కడో సంతకం పెట్టమన్నాడు. పెట్టా."

"తిండి పెట్టి మరీ తీసుకున్నారన్నమాట. ఆ అభ్యంతరం పోయింది."

"ఇంటికొచ్చినవాణ్ణి నోరెండబెట్టి పంపే జాతి కాదు మాది. ఆ ముసలిదే నేర్పింది."

"మీ పేరులో తప్పేమైనా ఉందా?"

"లేదు. మా అమ్మకే గుర్తులేని మధ్య పేరుతో సహా రాశారు. అది పెట్టింది ఆవిడే."

"హద్దులు?"

"కింద వాగు, పైన దారి, అటూ ఇటూ రాళ్ళు."

"దావాలోనూ అంతే ఉంది."

"ఉండక ఏం చేస్తుంది? నా పెళ్ళినాడు ఆవిడే నన్ను వెంట తిప్పి ఆ రాళ్ళు పాతించింది. పెళ్ళికొచ్చిన వాళ్ళందరి ముందూ 'ఇది నీదిరా' అంది. బ్యాండువాళ్ళు కూడా విన్నారు."

"కాగితం రాసుకున్నారా?"

"ఏం మాట మీది? జ్ఞానతల్లిని కాగితం అడిగేవాడు మా కొండమీద ఇంకా పుట్టలేదు. అడిగాడంటే ఆ చుట్టరికాన్ని వాడే నరికేసుకున్నట్టు. మీరు పట్నంలో చదివారు, మీకు తెలీదు."

"నాకూ జ్ఞానతల్లి ఉంది లెండి. మా ఊళ్ళోనూ అడగరు. మీరంతా అడగరు కాబట్టే నా పొయ్యి వెలుగుతోంది. అప్పట్నుంచీ తోట చూసుకున్నదెవరు?"

"ఎవరు చూస్తారు? ఆకుకు తుప్పు తెగులొచ్చి చెట్లన్నీ మాడిపోతే పీకి మళ్ళీ నాటింది నేను. గింజ కడిగే తొట్టి కట్టింది నేను. నా కూతుళ్ళు ఆ చెట్ల మధ్యనే నడక నేర్చారు. ఆవిడ కొడుకులిద్దరూ ఒక్కనాడొచ్చి ఒక్క కలుపు మొక్క పీకిన పాపాన పోలేదు."

"అదీ మీ బలం. ఇంతకాలం సొంతదారులా ఏలుకున్నవాడికి ఆ కాలం మీదే హక్కు వస్తుంది. అసలు జవాబులో రాసేది అదే. అది నెగ్గితే తోట మీదేనని కోర్టే తీర్పిస్తుంది. ఇంకో సంగతి చూశారా? మిమ్మల్ని కూలివాడనో కాపలావాడనో వాళ్ళు రాయొచ్చు. రాయలేదు. తోట మీ స్వాధీనంలోనే ఉందని వాళ్ళే ఒప్పుకున్నారు. నాకు వింతగా ఉంది."

"వింతా లేదు, వంకాయా లేదు. వాళ్ళ వకీలు మొద్దు. ఆ జవాబులూ అవీ తర్వాత. గుమ్మం సంగతి చెప్పండి. ఇంకేం లేవా?"

"ఒకటుంది. కానీ..."

"కానీ ఏంటి?"

"దావా వేసిన మనిషికి బుద్ధి స్థిమితం లేదని. ఆవిడకు తెలీకుండా కొడుకులే నడిపిస్తున్నారని."

"అదీ. అదీ మాట. పోయింది ఆవిడకు మతి. రాయండి."

"మీరు చూశారా?"

"చూడాలా? నన్నెత్తుకుని నా నెత్తిన పవిత్ర జలం పోయించిన మనిషి, మతుండి నన్ను వీధిలో నిలబెడుతుందా?"

"ఆవిడతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"అదెందుకిప్పుడు?"

"జడ్జి అడుగుతాడు. మాట్లాడారా లేదా?"

"నోటీసొచ్చాక మాట్లాడలేదు. చర్చి మెట్ల మీద ఎదురైంది. దీవించమ్మా అని అడగాలిగా, అడగలేదు. మొహం తిప్పుకుని పోయా. ఊరంతా చూసింది."

"ఆవిడేం చేసింది?"

"నవ్వింది. అందుకే అంటున్నా, మతి పోయిందని."

"కోపంలో అంటున్నారు మీరు. ఇది రాస్తే డాక్టర్ని పంపుతారు. ఇవాళ ఏ వారం, నీకెంతమంది పిల్లలు అని పదిమందిలో చంటిపిల్లనడిగినట్టు అడుగుతారు. ఈ వయసులో ఆవిడకది..."

"అడగనీ. నా ఇంట్లోంచి నన్ను పొమ్మన్నప్పుడు నా వయసెవరడిగారు?"

"ఇలా దావా ఆగినా కొడుకులు ఊరుకోరు. తప్పులు దిద్దుకుని మళ్ళీ వేస్తారు."

"వెయ్యనీ. ఈలోగా ముసలిది పోతుంది. ఆ తర్వాత వాళ్ళతో కత్తి పట్టుకునే మాట్లాడతా."

"ఆ మాట ఈ గది దాటించకండి."

"మీరు రాస్తారా, ఇంకో వకీలు దగ్గరికి పొమ్మంటారా?"

"రాస్తున్నా, రాస్తున్నా. వినండి. 'దావా వేసిన స్త్రీ వయోభారం చేత మంచిచెడులు తెలియని స్థితిలో ఉన్నది గనుక...'"

"ఎవరమ్మాయ్ ఆ స్త్రీ?"

తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది ఉబల్దీనమ్మ.

"ఉబల్దీనా గారూ, మీరిక్కడికి రాకూడదు. మీరు అవతలి పక్షం. మీ వకీలు లేకుండా నేను మీతో మాట్లాడకూడదు."

"నీతో మాట్లాడ్డానికి ఎవరొచ్చారు? నా బిడ్డతో మాట్లాడాలి. నువ్వు చెవులు మూసుకో."

"నేను మీ బిడ్డను కాను. మీ బిడ్డలు కింద సంతలో బీరు తాగుతున్నారు, పొండి."

"తాగుతున్నారు గనకే పైకి రాగలిగా. చర్చిలో జపం చేస్తున్నాననుకుంటున్నారు. ఏం రాయిస్తున్నావురా నా మీద?"

"మతి పోయిందని."

"బాగుంది. ఆ మాట ఎవరంటారా అని ఏడాదిగా కాచుకుని ఉన్నారు నా కొడుకులు. నా గుర్తింపు కార్డు లాక్కున్నారు. నోటరీ గడప తొక్కనివ్వరు. నేనెవరికేం రాసిచ్చినా మతిలేక రాసిందనిపించాలని వాళ్ళ ఆశ. ఆ పని నువ్వు చేసిపెడుతున్నావ్. కూలి కూడా అడక్కుండా."

"చాల్లెండి. నన్ను పొమ్మన్నది వాళ్ళా? వేలిముద్ర మీదే కదా."

"నాదే. నీ అసలు జవాబేది? తోట నాదని రాయించావా?"

"ఇంకా లేదు. దావాను గుమ్మంలోనే ఆపేస్తున్నాం."

"ఆపితే తోట ఎవరిదో తేలుతుందా?"

"లాయరమ్మా, చెప్పండి."

"తేలదు."

"నేను పోయాక తేల్చేదెవరు? వీడి కత్తా?"

"మీకెందుకమ్మా ఆ దిగులు? ఇన్నేళ్ళూ అమ్మా అమ్మా అని తిరిగితే కోర్టుకీడ్చారు. ఎందుకేశారు దావా? నేనేం తప్పు చేశానో అది చెప్పండి ముందు."

"అరవకు, కింద వింటారు. తోట నీకు రాసిస్తానంటే నా కొడుకులు నన్ను గదిలో పెట్టి తాళమేస్తారు. నీ మీద దావా వేస్తానన్నాననుకో, ఉతికిన చొక్కాలు తొడుక్కుని వకీలును వాళ్ళే పిలుచుకొచ్చారు. నీకు బుర్ర ఎప్పుడొస్తుందిరా? ఆ పిచ్చి అభ్యంతరాలు చించి, నీ పెళ్ళి చూసినవాళ్ళందర్నీ సాక్ష్యానికి తీసుకురా. నేను గెలవడానికి వెయ్యలేదు ఈ దావా. నేను బతికుండగా నన్ను ఓడించు."