మరిది సర్దిన సంచి

సాయంత్రం ఐదున్నర. గాలి లేదు. ఎండ ఇంకా చురుక్కుమంటోంది. పొద్దున్న పిల్లలు ముగ్గుర్నీ కొండకు తీసుకెళ్ళిన మా మరిది ఒక్కడే తిరిగొచ్చాడు. వాళ్ళలో ఇద్దరు నా పిల్లలు, పెద్దాడూ చిన్నదీ; ఒకతి అతని కూతురు.

"వెనకే వస్తున్నారు వదినా, పది నిమిషాలు," అన్నాడు. అరగంటైంది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. అతను అరుగెక్కి, పక్కింటి కాంపౌండరుకీ ఎదురింటి దర్జీకీ కోతలు మొదలెట్టాడు.

"కొండ ఎవడైనా ఎక్కుతాడండీ, పనితనమంతా సంచి సర్దడంలో ఉంది. మా వదిన చీటీ రాసిచ్చింది, మనిషికి రెండు సీసాల నీళ్ళు, టోపీలు, కట్టుగుడ్డ, విజిల్ అని. నాకా చీటీ? ఐదు నిమిషాల్లో సర్దేశా. ఇరవై సీసాలు, వాటి కింద తాడు, తాడు కింద గొడుగు..."

"ఇరవయ్యే?" అన్నాడు దర్జీ.

"అది పైవరస! కింద ఇంకో ఇరవై. ఆ బరువుకి కొండే నా వైపు ఒరిగిందనుకోండి, ఎక్కడం సుళువైపోయింది. ఎండ మండిపోతోందని గొడుగు విప్పానా, ఆ నీడకి కొండవతల ఊళ్ళో బట్టలు ఆరలేదట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎలుగుబంటి!"

"విజిల్ ఊదావన్నమాట," అన్నాడు కాంపౌండరు.

"ఊదితే పారిపోలేదండీ, కుంటుకుంటూ నా దగ్గరికే వచ్చింది పాపం. కాల్లో ముల్లు. తీసి, కట్టు కట్టి, రెండు సీసాలు పట్టించా. ఆ విశ్వాసానికి సంచి తనే వీపునేసుకుని కొండ కింద దాకా దింపింది!"

దర్జీ పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

లోపల్నించి మా తోటికోడలు ఆ సంచి పట్టుకొచ్చింది. అరుగు మీద బోర్లించింది. పేకముక్కలు. దువ్వెన. ఒక్క సీసా, అదీ ఖాళీ.

"నలుగురికి ఇదా?" అంది. "ఇదీ మీరే తాగేశారా?"

అతను పేకముక్కలు ఏరడం మొదలెట్టాడు.

"పిల్లల్ని ఎక్కడ వదిలావు?" అన్నాను.

"వదల్లేదు వదినా. చిన్నదానికి కళ్ళు తిరిగాయి. మొదటి మలుపులో బండ నీడన కూర్చోబెట్టి, నీళ్ళు తెద్దామనే..."

"నీళ్ళకని వచ్చి, ఇక్కడ కూర్చుని ఎలుగుబంటికి పట్టిస్తున్నావా?"

కాంపౌండరు అప్పటికే స్కూటరు తీశాడు. సీసాలు నింపుకుని వెనకెక్కాను. దర్జీ తన బండి మీద వచ్చాడు. కొండ కింద దాకా బండ్లు, అక్కడ్నించి పరుగు.

మొదటి మలుపులో, బండ నీడన, పెద్దాడు తన చొక్కా విప్పి చెల్లి నెత్తిన కప్పి ఉంచాడు; మరిది కూతురు పక్కనే కూర్చుని ఉంది. వాడి పెదాలు పగిలాయి. నా గొంతు విని చిన్నది కళ్ళు తెరిచింది. గుక్కగుక్కగా తాగించమన్నాడు కాంపౌండరు. కంగారులో సగం ఒలకబోశాను.

ఇంటికొచ్చాక ఒక్కొక్కర్నీ ముట్టుకుని లెక్కపెట్టాను. పెద్దాడు. చిన్నది. మరిది కూతురు. ముగ్గురు.

అరుగు మీది మనిషిని లెక్కలో వేయలేదు.